దూది కూరిన రెక్క

మా అక్క విమానం ఎక్కనంది. ఊరికే అనలేదు, కారణం కూడా చెప్పింది.

"పైన తాడు ల్యా, కింద గుంజ ల్యా. అంత బరువు గాల్లో ఏం పట్టుకోని నిలబడుకుంటాదో సెప్పురా. సెప్తే ఎక్కుతా."

"రెక్కలు పట్టుకుంటాయి" అన్నాను.

"రెక్కల్ని ఏం పట్టుకుంటాది?"

"గాలి."

"గాలిని?"

నా చదువు అక్కడికి అయిపోయింది. కానీ తెలియదని ఒప్పుకునే అలవాటు మా ఇంట్లో మగవాళ్లకు లేదు. మా నాయన వాన ఎప్పుడు పడుతుందో చెప్పేవాడు, పడకపోతే వానను తిట్టేవాడు. నేనూ అదే రకం. "నీకు చెప్పినా అర్థం కాదులే" అని కొట్లోకి వచ్చేశాను.

మాది ఆదోనిలో దూది ఏకి పరుపులు కుట్టే ఇల్లు. నమాజు అరబ్బీలో, కొట్లాటలు తెలుగులో. అక్క నాకంటే తొమ్మిదేళ్లు పెద్దది. పెళ్లయిన మూడో ఏడే బావ పోతే పుట్టింటికి వచ్చేసింది. వచ్చిన మరునాడు పరుపులు కుట్టే దబ్బనం చేతికి తీసుకుని కూర్చుంది, నలభై ఏళ్లయినా లేవలేదు. నాకు ఈ పని నేర్పింది ఆమే. కుట్టు వంకర పోతే నా వేలి మీద దబ్బనం మొనతో గుచ్చేది. ఆ వేలు ఇప్పటికీ కుట్టు వంకర పోకముందే భయపడుతుంది.

ఆమె తన కోసం కోరుకున్నది ఒక్కటే. మక్కా పోయి, కాబా చుట్టూ తన కాళ్లతో తాను ఏడు చుట్లు తిరగాలి. తన కాళ్లతో అన్నది ముఖ్యం. తోపుడు కుర్చీలో కూర్చోబెట్టి తిప్పుతారని ఎవరైనా చెబితే, "నేనేమన్నా మూటనా?" అని లేచిపోయేది. అయితే ఆ మోకాళ్లు అరిగిపోయాయి. ఇంకో ఏడాది పోతే బజారు దాకా నడవడం కూడా కష్టమని డాక్టరు నాతో చెప్పాడు, ఆమెతోనూ చెప్పాడు. మా వీధిలో మనుషుల్ని ఉమ్రాకు, అంటే మక్కా యాత్రకు, తీసుకుపోయే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. రంజాను కంటే ముందు బయలుదేరే గుంపులో రెండు పేర్లకు చోటు అట్టే పెట్టాడు, ఒకటి ఆమెకు, తోడుగా ఇంకొకటి నాకు. ప్రతి శుక్రవారం నమాజు అయినాక మసీదు మెట్ల మీద పట్టుకుని, "పేర్లు రాసుకుందునా అప్పా?" అని అడిగేవాడు.

"అక్క ఒప్పుకోనీ" అనేవాణ్ణి.

ఫోనులో విమానాలు ఎగిరే వీడియోలు చూపించాను. ఒక చూపు చూసి పక్కన పెట్టింది. "సెల్లులో ఏనుగులు గూడా ఎగురుతాండాయి. పొద్దున్నే నీ కూతురు సూపిచ్చింది."

"మరేం చేస్తే నమ్ముతావు?"

"నువ్వు సేసి సూపియ్యి. నీ సేతులతో సేసింది నా కండ్ల ముందర ఎగిరితే, అప్పుడు ఎక్కుతా."

నా నోరు మూయించడానికి అన్న మాట అది. నా నోరు మూతపడలేదు. ఆ వారమే విమానం తెప్పించాను.

నిజం విమానం కాదు. నిజం విమానంలో ఆరో వంతు. పాతకాలంలో ఇద్దరు కూర్చుని తిరిగే చిన్న విమానం ఉండేదట, రెక్క నెత్తి మీద ఉంటుంది. దాన్నే కొలత తప్పకుండా చిన్నది చేసి, కరెంటు మోటారు, బ్యాటరీ పెట్టి, చేతిలో రిమోటుతో ఎగరేస్తారు. పెట్టె విప్పితే విమానం లేదు. బరువే లేని బాల్సా చెక్క ముక్కలు, పుల్లలు, వాటి మీద నంబర్లు, దుప్పటంత కాగితం మీద గీతలు. అక్క ఒక పుల్ల తీసి విరిచి చూసింది. "ఇది ఎగరేసేదానికా, పొయ్యి అంటిచ్చేదానికా?" అంది. విరిచింది ఏడో నంబరు పుల్ల. దాన్ని మళ్లీ అతికించడంతో నా పని మొదలయింది.

మొత్తం ఎనిమిది నెలలు పట్టింది. పరుపుల కొట్లో విమానం చేయడం ఏమిటో చేసినవాడికే తెలియాలి. జిగురు పూస్తే దూది, రంగు వేస్తే దూది, మోటారు తిప్పితే లోపల నుంచి దూది. పరుపు కొనడానికి వచ్చినవాళ్లు పరుపు వదిలేసి నాకు సలహాలు చెప్పేవాళ్లు. ఒకాయన తోక పెద్దదయిందన్నాడు, ఇంకొకాయన చిన్నదయిందన్నాడు, ఇద్దరూ నా కొట్లోనే కొట్లాడుకుని ఒకరి పరుపు ఒకరు ఎత్తుకుపోయారు. నేను మాత్రం విమానంలో మునిగిపోయాను. తలుపుకు గోరంత గడియ పెట్టాను, అది వేస్తే పడేది, తీస్తే వచ్చేది. లోపల రెండు సీట్లు పెడితే అక్క వంగి చూసి, "ఒట్టి చెక్క మీద కూసుంటారా?" అని, మరునాటికి అంగుళమంత పరుపులు రెండు కుట్టి వేసింది. వాటికి నాలుగు పక్కలా కుట్టు, మధ్యలో ముడి, అన్నీ ఉన్నాయి. మా కొట్టు నుంచి బయటికి వెళ్లిన పరుపుల్లో అంత మంచి పని నేను మళ్లీ చూడలేదు.

రెక్కల దగ్గర పని చిక్కుకుంది. రెక్క అంటే చెక్క ఎముకలు వరసగా పేర్చిన చట్రం, దాని మీద పల్చని ప్లాస్టిక్ పొర వేసి ఇస్త్రీ పెట్టెతో అంటించాలి. వీడియోలో కుర్రవాడు చేస్తే పొర అద్దంలా బిగుసుకుంది. నేను మా ఇంటి బొగ్గుల ఇస్త్రీ పెట్టెతో చేశాను. పొర మొత్తం ముడుచుకుని ఇస్త్రీ పెట్టె అడుగున అంటుకుంది. దాంతో వారం పాటు ఇంటిల్లిపాదీ నలిగిన బట్టలతో తిరిగాం. వెనకటి రోజుల్లో రెక్కలకు సన్నని నూలు గుడ్డే తొడిగేవారని ఎక్కడో చదివి, ఎమ్మిగనూరు బస్సు ఎక్కాను.

ఎమ్మిగనూరులో నాకు ఒక నేతగాడు స్నేహితుడు. పరుపుల మీదికి గుడ్డ అతని దగ్గరే తెచ్చేవాణ్ణి. నా ఈడువాడు, గుంత మగ్గంలో నడుము దాకా దిగి కూర్చుని, మనిషి వచ్చినా తల ఎత్తకుండా నేసేవాడు.

"మూడు గజాలు కావాలన్నా" అన్నాను. "సన్నది, తెల్లది. అంచు వద్దు."

మగ్గం ఆగిపోయింది. అతను మెల్లగా గుంతలో నుంచి పైకి వచ్చి, తలగుడ్డ తీసి చేత పట్టుకున్నాడు.

"ఎవురు పోయినారప్పా?"

"ఎవరూ పోలేదు. విమానానికి."

"విమానం పోయినాదా?"

వివరంగా చెప్పడానికి ఒక టీ పట్టింది. అంతా విన్నాడు. అక్క సంగతి, మక్కా సంగతి, మోకాళ్ల సంగతి విన్నాడు. విని, మళ్లీ గుంతలోకి దిగుతూ, "మా నాయన కాలం నుంచి ఈ గుంతలో అంచు ల్యాని గుడ్డ నేసిందే ల్యా. అది పాడె మీదికే పనికొస్తాది" అన్నాడు.

"అంచు బరువన్నా. అది ఎగరాల."

"మీయక్క మంచి పనికి పోతాంది. ఆయమ్మ కండ్ల ముందర అంచు ల్యాని తెల్లగుడ్డ ఎగరేస్తావా? నువ్వు మనిషివేనా?"

డబ్బులు మగ్గం మీద పెట్టి బస్సెక్కాను. తెల్లగుడ్డ అన్న మాట ఆదోని దాకా నా వెంటే వచ్చింది. పది రోజుల తర్వాత పోతే గుడ్డ తయారుగా ఉంది. దోమతెర అంత సన్నగా, అందంగా నేశాడు. ఒక పక్క మాత్రం నాలుగు వేళ్ల ఎర్రంచు, అందులో జరీ. పెళ్లికూతురు కట్టుకోవచ్చు.

రెక్కకు అడుగు గుడ్డ అంటించాక, దాన్ని దేనితో బిగించాలన్న సందేహం వచ్చింది. దానికి వేరే వార్నీషు ఉంటుంది. నేతగాడు ఫోనులోనే కోప్పడ్డాడు. "నూలును బిగిచ్చేదానికి గంజి ఉండంగ ఇంగోటి ఎందుకు? వచ్చి తీసుకపో." వెళ్లాను. ఆదోని బస్సులో గంజి తపేలా ఒళ్లో పెట్టుకుని, పక్కనున్న ఆయన "చుట్టం ఎవరికన్నా బాగా ల్యాదా?" అని అడుగుతుంటే తల ఊపుతూ ఇంటికి వచ్చేసరికి, అక్క నా కోసం వాకిట్లోనే నిలబడి ఉంది.

"నీ రెక్క పని నేనే ముగిచ్చినా. సూడుపో."

చూశాను. పై గుడ్డ కూడా వేసి, అంచుల వెంట కంటికి కనపడని దొంగకుట్టు వేసి మూసేసింది. ఎడమ రెక్క కొసకు ఎర్రంచు సరిగ్గా వచ్చింది. ఎక్కడా ముడత లేదు. నొక్కితే గట్టిగా, నిండుగా ఉంది. నాకు కండ్లలో నీళ్లు తిరిగాయి. "పనంటే నీదే అక్కా" అన్నాను. గంజి పూసి ఎండబెట్టాను. ఆ తర్వాత కాటా మీద పెడితే ఉండవలసిన దానికంటే చాలా బరువు తూగింది. అక్కను అనుమానించడం నాకు చేతకాదు కాబట్టి కాటాను అనుమానించాను.

మొదటిసారి ఎగరేయడానికి ఎమ్మిగనూరు దారిలో పత్తి తీసేసిన చేను ఒకటి చూసుకున్నాం. అక్క ఆటోలో వచ్చింది. నేతగాడు తన గుడ్డ ఎగరడం చూడాలని ఉతికిన పంచె కట్టుకుని బస్సులో వచ్చాడు. చేనులో గొర్రెలు మేపుకుంటున్న ఒకాయన మేం పిలవకుండానే వచ్చి కూర్చున్నాడు. నేను రిమోటు పట్టుకుని, బిస్మిల్లా అని వేగం పెంచాను.

విమానం పరిగెత్తింది. బాగానే పరిగెత్తింది. చేను ఈ కొస నుంచి ఆ కొస దాకా పరిగెత్తింది, గట్టు దగ్గర తిప్పితే అక్కడి నుంచి ఈ కొస దాకా పరిగెత్తుకుంటూ వచ్చింది. నేల మాత్రం వదలలేదు. గొర్రెలు దాని వెనకాల పడ్డాయి. మూడోసారి గట్టుకు గుద్దుకుని ఆగింది.

"ఇది రోడ్డు మీద పోయేదా అప్పా?" అన్నాడు గొర్రెలాయన, చాలా మర్యాదగా.

అక్క ఆటో ఎక్కి కూర్చుంది. ఆమె మొహంలో గెలిచినట్టు ఏమీ లేదు. అది చూసి నాకు మొదటిసారి అర్థమయింది. ఎగరాలని నాకంటే ఎక్కువగా ఆమే కోరుకుంటోంది.

ఇంటికి వచ్చి, గట్టుకు తగిలి రెక్క అడుగున చిరిగిన చోట వేలు పెట్టి చూశాను. వేలికి మెత్తగా తగిలింది. లాగాను. దూది. ఇంకా లాగాను. ఇంకా దూది. మూర మూర వస్తూనే ఉంది. రెక్క ఈ కొస నుంచి ఆ కొస దాకా మొదటిరకం దూది కూరి ఉంది, మూలమూలనా సమానంగా.

"అక్కా!" అని నేను వేసిన కేకకు ఎదురింటివాళ్లు కూడా వచ్చారు.

"ఏమి?"

"రెక్కలో దూది కూరినావా?"

"కూరక? లోపల అంతా డొల్ల. నలభై ఏండ్లలో ఈ గడప దాటి డొల్ల పరుపు ఒగటి పోల్యా. ఊరందరి ముందర డొల్లది ఎగరేస్తావా, నీకు సిగ్గు ల్యాదా?"

"విమానం రెక్క డొల్లగానే ఉంటుందే!"

ఆ మాట నోట్లో నుంచి వచ్చాక నాలుక కరుచుకున్నాను. ఆలస్యమైపోయింది. అక్క నెమ్మదిగా కూర్చుంది.

"నేను ఎక్కేదాని రెక్క గూడా డొల్లేనా?"

"కాదు, కాదు" అన్నాను కంగారుగా. "దాంట్లో నూనె పోస్తారు."

"ఏం నూనె?"

"విమానం మండించుకునే నూనె."

"మంటలు లేసే నూనె రెక్కల్లో పోసి, మజ్జలో మనిషిని కూసోబెడతారా?"

తెలియదని ఒప్పుకునే అలవాటు ఉండి ఉంటే ఈ గతి పట్టేది కాదు. "నేను పోను" అంది అక్క. ఈసారి కారణం చెప్పలేదు, సవాలు చేయలేదు. లోపలికి వెళ్లి నమాజుకు జానమాజు చాప పరుచుకుంది. వంగుతున్నప్పుడు ఆమె మోకాళ్ల చప్పుడు నాకు కొట్లో దాకా వినిపించింది. ఆ రాత్రి అన్నం సహించలేదు. ఎనిమిది నెలలు కష్టపడి, ఆమెకు ఉన్న ఒక్క భయానికి రెండు భయాలు చేసి పెట్టాను.

తర్వాతి శుక్రవారం ఉమ్రా పెద్దాయన మెట్ల మీద మళ్లీ పట్టుకున్నాడు. వచ్చే శుక్రవారానికి పేర్లు ఇవ్వకపోతే చోటు వేరేవాళ్లకు ఇచ్చేస్తానన్నాడు. "అక్క ఒప్పుకోనీ" అన్నాను. ఆ మాట అనడం నాకు ఎంత అలవాటైపోయిందంటే, సలాముకు బదులు కూడా అదే అనేట్టున్నాను.

సోమవారం నేతగాడు వచ్చాడు. తన గుడ్డ నేల మీద పరిగెత్తి చినిగిందన్న బాధతో వచ్చాడు. దూదంతా తీసేసి, చిరుగులకు మాసిక వేసి, మళ్లీ గంజి పెట్టి, రెక్కను తన చేతులతో బిగించాడు. ఈసారి కాటా సరైన తూకమే చూపింది. విమానం ముక్కుకు ఒక దారం, తోకకు ఒక దారం కట్టి కొట్లో దూలానికి వేలాడదీశాం. రెండు రెక్కలు సమానంగా నిలవాలి. నిలవలేదు. ఎడమ రెక్క కిందికి వాలింది.

"నీ అంచు" అన్నాను.

"ఏమి నా అంచు?"

"బరువు. కోసేద్దాం."

"నా సెయ్యి కోయి, అంచు మాత్రం ముట్టద్దు."

కొట్లాడుకుంటున్నాం. అప్పుడు అక్క లోపలి నుంచి వచ్చింది. వారం రోజులుగా నాతో మాట్లాడటం లేదు. గంపలో నుంచి పిడికెడు దూది తీసి, గట్టిగా నలిపి ఉండ చేసి, కుడి రెక్క కొస మీద పెట్టింది. ఎడమ రెక్క లేచింది. విమానం కదలకుండా నిలబడింది.

"రెండు పక్కల సమానం కావల్ల, అంతే గదా" అంది. "పరుపుకైనా అంతే. ఒగ పక్క దూది ఎక్కువైతే మనిషి రెండో పక్కకు దొర్లుతాడు."

"అంతే" అన్నాను భయం భయంగా.

ఆమె వేలాడుతున్న విమానాన్ని ఒక వేలితో కదిపి చూసింది. తర్వాత కొట్లో మూల ఏకకుండా పెట్టిన దూది మూట మీద చేయి వేసింది. "ఇది ఏకకముందు రాయి మాదిరి ఉంటాది. ఏకితే ఇంత ఎత్తు లేస్తాది. దూది పెరిగిందా? ల్యా. మజ్జలో గాలి దూరింది. మనిషి పండుకుంటే మోసేది ఆ గాలే." అని తన చేతుల వైపు చూసుకుంది. "నలభై ఏండ్ల నుంచి నేను కుట్టింది గాలినేనా?"

ఎనిమిది నెలలు నేను చెప్పలేకపోయిన జవాబు ఆమె మూటను తాకి చెప్పేసింది. చెప్పడం నా వల్ల కాలేదని ఉక్రోషం, ఆమె చెప్పిందని సంతోషం, రెండూ ఒకేసారి వచ్చాయి.

"అయినా ఎగరనీ. సూసినంకనే" అంది, వెంటనే.

గురువారం పొద్దున్నే అదే చేనుకు వెళ్లాం. గాలి లేదు. గొర్రెలాయన మేం వస్తామని ముందే తెలిసినట్టు కూర్చుని ఉన్నాడు. కుడి రెక్క కొసలో అక్క పెట్టిన దూది ఉండను లోపల కూరి కుట్టేశాం. రిమోటు పట్టుకున్నాను. పేర్లు ఇవ్వాల్సిన శుక్రవారం రేపే.

వేగం పెంచాను. విమానం పరిగెత్తింది, పరిగెత్తి, ఒక్కసారి నేల వదిలేసింది. అరుపులు విని తల తిప్పి చూస్తే అరుస్తున్నది నేనే. తెల్లగా, కొసన ఎర్రంచుతో, ఎండలో జరీ మెరుస్తూ పైకి పోయింది. చేను చివర ఎడమకు తిప్పాను. తిరిగింది. మళ్లీ తిన్నగా పోనిద్దామని కుడికి లాగాను. తిరగలేదు. ఇంకా లాగాను. కుడి రెక్క వెనక పైకీ కిందికీ ఆడవలసిన పలక ఆడటం లేదు. లోపల దూది ఉండ జారి, దాన్ని కదిలించే పుల్లకు అడ్డం పడిందని తర్వాత తెలిసింది. విమానం మా నెత్తి మీదుగా పెద్ద చుట్టు చుట్టి, మళ్లీ ఎడమకే తిరిగింది.

"ఎడమకు తిరుగుతాంది ఏమి?" అన్నాడు నేతగాడు కలవరంగా. "అపసవ్యం గదప్పా. కుడికి తిప్పు!"

"తిరగడం లేదన్నా!"

అక్క తల ఎత్తి, చేయి నుదుటి మీద అడ్డం పెట్టుకుని చూస్తోంది. "మీకు అపసవ్యమప్పా" అంది. "మాకు అదే సవ్యం. కాబా సుట్టు ఎడమకే తిరుగుతారు." అని, వేలు మడిచింది. "రెండు."

నేను రిమోటు మీద చేయగలిగింది ఒక్కటే, అది పడకుండా వేగం నిలబెట్టడం. విమానం మమ్మల్ని ఎడమ పక్కన పెట్టుకుని తిరుగుతూనే ఉంది. "మూడు" అంది అక్క. ఆమె కూడా తిరగడం మొదలుపెట్టింది, నిలబడిన చోటనే, చూపు దాని మీద పెట్టి. నేతగాడు చేతులు జోడించాడు. గొర్రెలాయన కూడా ఎందుకైనా మంచిదని తలగుడ్డ తీశాడు. "నాలుగు." బ్యాటరీ అయిపోవస్తోందని రిమోటు కుయ్యిమంది. "అయిదు." ఆరో చుట్టు సగంలో మోటారు నీరసించింది. విమానం మెల్లగా వంగి, దిగి దిగి, చేను గట్టున పేర్చిన పత్తికట్టెల మోపు మీద కూర్చుంది. ముందు తిరిగే పంకా విరిగింది, ముక్కు పగిలింది. రెక్కకు మాత్రం ఏమీ కాలేదు. అంచు చెక్కు చెదరలేదని నేతగాడు అందరికీ రెండుసార్లు చూపించాడు.

అక్క ఆయాసపడుతూ గట్టు మీద కూర్చుంది.

"అయిదున్నర సుట్లు" అంది. "మిగిలిన ఒకటిన్నర దాని తరపున నేను తిరుగుతా. నావి ఏడు, దానివి ఒకటిన్నర. పేరు రాపిచ్చు."

నేను ఎగిరి గంతేయాలి. గంతేయలేదు. ఆమె పక్కనే కూలబడ్డాను. మసీదు మెట్ల మీద పెద్దాయన, రాసుకోవలసిన రెండు పేర్లు, అందులో రెండోది నాది. అప్పుడు నాకు నా గుట్టు నాకే తెలిసింది. ఎనిమిది నెలలు గోరంత గడియలు, అంగుళమంత సీట్లు పెడుతూ కూర్చున్నది ఎందుకు? విమానం తయారవుతున్నంత కాలం నన్ను ఎవరూ విమానం ఎక్కమనరు. తాడూ లేదు, గుంజా లేదు అని అక్క పైకి అన్నది. నేను లోపల అనుకున్నాను, అంతే తేడా. ఆమె అడ్డుపుల్లగా ఉన్నన్నాళ్లూ నేను ధైర్యవంతుడిగా చెలామణి అయిపోయాను.

"రాపిస్తా" అన్నాను.

"రాపిచ్చు. తర్వాత భయపడుదువులే" అంది అక్క, నా వైపు చూడకుండా.

బయలుదేరే ముందు నేతగాడు ఎమ్మిగనూరు నుంచి వచ్చాడు. చంకలో పొట్లం. ఉమ్రాకు పోయే మగవాళ్లు కుట్టు లేని తెల్లగుడ్డలు రెండు చుట్టుకోవాలి, రంగు లేదు, అంచు లేదు. ఆ సంగతి ఎవరో అతనికి చెప్పారు. నా చేతిలో పొట్లం పెట్టి, "విప్పి సూడు" అన్నాడు. తెల్లగా ఉన్నాయి, ఎక్కడా అంచు కనపడలేదు. "అంచు లేకుండా నేసినావా అన్నా!" అన్నాను.

"నీ మొగం. వేలు పెట్టి సూడు."

కొసన వేలు పెట్టాను. తెల్ల నూలులోనే, తెల్ల నూలుతో, నాలుగు పోగులు ఎక్కువ వేసి అంచు నేశాడు. కంటికి కనపడదు, వేలికి తెలుస్తుంది.

"దేవుడు తెల్లది అడిగినాడు, తెల్లది ఇచ్చినా" అన్నాడు. "నువ్వు తిరిగి రావల్ల గదా, దానికి అది."

హైదరాబాదులో విమానం ఎక్కేటప్పటికి ఆ గుడ్డలు నా ఒంటి మీద ఉన్నాయి. అక్క కిటికీ పక్కన కూర్చుంది. నేను ఆ పక్కకు చూడకుండా, బొటనవేలితో అంచును రుద్దుకుంటూ కూర్చున్నాను. అక్క రెక్క వైపు వంగి చూసింది. విమానం కదిలింది. వేగం పెరిగింది, పరిగెత్తింది. మా చేనులో గొర్రెలు వెంటపడ్డ పరుగు గుర్తుకొచ్చి కండ్లు మూసుకున్నాను.

"ఒరే" అంది అక్క.

తెరిచాను. ఆమె చేతిలో దూది ఉండ ఉంది, అదే. గంజి మరకతో, ఎర్ర పోగు ఒకటి అంటుకుని. ఆ రెక్క కుట్లు విప్పి ఎప్పుడు తీసిందో, తనిఖీల్లో ఎట్లా దాటించిందో నాకు ఇప్పటికీ తెలియదు. దాన్ని రెండుగా తెంపి, చిన్నప్పుడు ఎడ్లబండి మీద ఈదురుగాలిలో పోయేటప్పుడు పెట్టినట్టు, నా రెండు చెవుల్లో పెట్టి వేలితో అదిమింది. మోటార్ల మోత తగ్గిపోయింది. సీటు నా వీపును నొక్కింది, కింద నేల ఊడిపోయింది.

అక్క కిటికీలో నుంచి చూస్తూ ఏదో చెబుతోంది. పెదవులు కదులుతున్నాయి. చెవుల్లో దూది ఉండడం వల్ల నాకు ఒక్క ముక్క వినపడలేదు. నా చెయ్యి మాత్రం ఆమె చేతిలోనే ఉంది, దబ్బనం మొనతో గుచ్చిన ఆ వేలే ఆమె పట్టుకుని ఉంది.